ఇచ్చేవాళ్లకు ఎవరూ తప్పు చెప్పరు

"కర్ణుడు ఏ విశ్వవిద్యాలయంలో చదివాడమ్మా?" దాతృత్వం, గ్రాంట్ల నిర్వహణ, సామాజిక పెట్టుబడి (సమాజానికి మేలు చేసే పనుల్లో రాబడి కూడా ఆశించి డబ్బు పెట్టడం) అనే మూడింటినీ కలిపి పీజీ చేస్తున్నానని చెప్పినప్పుడు బంధువుల్లో ఒక పెద్దాయన అడిగిన మాట ఇది. ఎగతాళిగా అన్నదే అయినా అడగదగిన ప్రశ్నే. చేతిలో డబ్బు, మనసులో జాలి ఉంటే ఇవ్వడానికి చాలదా? దానికి పాఠాలు, పరీక్షలు, పరిశోధన వ్యాసం, చివర ఒక పట్టా ఎందుకు?

కర్ణుడు ఇచ్చింది తన ఒంటితో పాటు పుట్టిన కవచం. ఇచ్చాక నష్టపోయిందీ ఆయనే. ఇవాళ ఫౌండేషన్‌లో కూర్చుని గ్రాంట్లు మంజూరు చేసే అధికారి ఇచ్చేది తన సొమ్ము కాదు. చాలాసార్లు అది ఎప్పుడో కన్నుమూసిన వ్యాపారి ట్రస్టు పత్రంలో రాసిపెట్టి వెళ్లిన డబ్బు. దానికి పన్ను మినహాయింపు ఉంటుంది కాబట్టి ఖజానాకు చేరవలసిన భాగమూ కొంత అందులో కలిసే ఉంటుంది. నిర్ణయం బెడిసికొడితే అధికారి జీతానికేమీ లోటు రాదు. నష్టమంతా ఆ డబ్బు చేరవలసిన చోట ఉన్నవాళ్లదే. కర్ణుడితో పోలిక ఇక్కడితో ఆగిపోతుంది.

నేను ఈ చదువుకు వచ్చింది కుతూహలంతో కాదు, ఒక రకమైన ఇబ్బందితో. చాలాకాలం చిన్న స్వచ్ఛంద సంస్థ తరఫున గ్రాంట్ల కోసం దరఖాస్తులు రాశాను. తర్వాత దరఖాస్తులు చదివే ఉద్యోగంలో చేరాను. చేరిన కొద్ది నెలల్లోనే నా తెలివితేటలు అమాంతం పెరిగిపోయినట్టు అందరూ ప్రవర్తించడం మొదలుపెట్టారు. నా పేలవమైన హాస్యానికీ నవ్వేవారు. సమావేశంలో నేనొక అరకొర సలహా పడేస్తే, వారం తిరక్కుండా అది ఎవరిదో ప్రాజెక్టు పత్రంలో ప్రధాన లక్ష్యమై కూర్చునేది. నేనూ ఒకప్పుడు అలా రాసినదాన్నే కాబట్టి అది గౌరవం కాదనీ, అవసరమనీ నాకు తెలుసు.

సరుకు నాసిరకమైతే కొనేవాడు మరో దుకాణం చూసుకుంటాడు. పాలన నచ్చకపోతే ఓటరు దించేస్తాడు. విత్తనం మొలకెత్తకపోతే రైతు వచ్చి నిలదీస్తాడు. గ్రాంటు ఇచ్చేవాళ్లను ఇలా నిలదీసేవాళ్లు ఎవరూ ఉండరు. తీసుకున్నవాళ్లు వచ్చే ఏడాది మళ్లీ అడగాలి, అందుకని నోరు మెదపరు. కాదనిపించుకున్నవాళ్లు ఫిర్యాదు చేస్తే ఇంకెప్పుడూ రాదేమోనని జంకుతారు. సాయం అందవలసిన ప్రజలకైతే అలాంటి ఫౌండేషన్ ఒకటుందన్న సంగతే తెలియకపోవచ్చు. ఇలా ఎవరూ దిద్దని వృత్తిలో ఉన్నవాళ్లు ఇతరులు ఎక్కడెక్కడ బోల్తాపడ్డారో పనిగట్టుకుని చదవాలి. ఈ పీజీ అవసరమని నేను వాదించేది ఈ ఒక్క కారణంతోనే. దాతల మనసు విశాలమవుతుందనో, మంచి ఉద్యోగాలు వస్తాయనో చెప్పేవాళ్లతో నాకు పేచీ లేదు గానీ, అవి ఇంత ఫీజు కట్టించదగిన కారణాలు కావు.

ఇలాంటి తరగతుల్లో తరచుగా వినిపించే కథ ప్లేపంప్‌ది. దక్షిణాఫ్రికాలో పుట్టిన ఆలోచన ఇది. పిల్లలు ఎక్కి తిరిగే రంగులరాట్నాన్ని బోరుబావికి బిగిస్తే, వాళ్లు ఆడుతున్నంతసేపూ నీళ్లు ట్యాంకులోకి ఎక్కుతాయి. 2000లో ప్రపంచబ్యాంకు పోటీలో దీనికి బహుమతి వచ్చింది. 2006లో అమెరికా ప్రభుత్వం, కేస్ ఫౌండేషన్, మరికొందరు కలిసి 1.64 కోట్ల డాలర్లు ప్రకటించారు. 2010 నాటికి ఆఫ్రికాలో 4,000 పంపులు పెట్టాలన్నది లక్ష్యం. ఫొటోల్లో కేరింతలు కొట్టే పిల్లలు కనిపించేవారు. ఊళ్లలో మాత్రం ఆట విసుగెత్తి పిల్లలు వెళ్లిపోయాక, ఆడవాళ్లు నడుములు వంచి ఆ రాట్నాన్ని చేతులతో తోసి నీళ్లు పట్టుకునేవారు. మామూలు చేతిపంపు కంటే ధర కొన్ని రెట్లు ఎక్కువ. చెడిపోతే బాగుచేయడం ఊరివాళ్ల తరం కాదు. ఒక్కో పంపు చెప్పినట్టుగా 2,500 మందికి సరిపడా నీళ్లివ్వాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలని తర్వాత గార్డియన్ పత్రిక లెక్కగట్టింది. గుణకారం వచ్చిన ఎవరైనా మొదటి రోజే వేయగలిగిన లెక్క ఇది. బహుమతి ఇచ్చినవాళ్లలో, నిధులు ప్రకటించినవాళ్లలో గుణకారం రానివాళ్లు ఎవరూ ఉండరు. లెక్క వేయమని వాళ్లను ఎవరూ అడగలేదు, అంతే. తమ ప్రయత్నం అనుకున్నట్టు సాగలేదని కేస్ ఫౌండేషన్ 2010లో బహిరంగంగా రాసింది. ఆపాటి నిజాయితీ కూడా ఈ రంగంలో అరుదు కాబట్టి దాన్ని తక్కువ చేయను.

గేట్స్ ఫౌండేషన్ చిన్న బడుల కథ ఇంకాస్త చిక్కనిది. 2000 తర్వాత కొన్నేళ్లపాటు అమెరికాలో పెద్ద హైస్కూళ్లను చిన్న బడులుగా విడగొట్టడానికి, కొత్త చిన్న బడులు పెట్టడానికి ఆ సంస్థ దాదాపు 200 కోట్ల డాలర్లు ఖర్చు చేసింది. బాగా రాణించిన బడుల జాబితా తీస్తే అందులో చిన్నవి ఎక్కువగా కనిపించడం ఆ ఉత్సాహానికి ఊతమిచ్చింది. జాబితా నిజమే. కానీ అట్టడుగున ఉన్న బడుల జాబితా తీసినా అందులోనూ చిన్నవే ఎక్కువ. పిల్లలు కొద్దిమందే ఉన్నచోట సగటు మార్కులు ఒక ఏడాది పైకీ, ఒక ఏడాది కిందకీ ఊగుతాయి. అది గణితం, బోధన గొప్పతనం కాదు. ఈ బడుల్లో చాలావాటిలో ఫలితాలు చెప్పుకోదగినంత మెరుగుపడలేదని 2009 నాటి వార్షిక లేఖలో బిల్ గేట్స్ స్వయంగా రాశారు. సంస్థ దృష్టి ఉపాధ్యాయుల నాణ్యత మీదకు మళ్లింది. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాలేమో న్యూయార్క్‌లో చిన్న హైస్కూళ్ల వల్ల చదువు పూర్తిచేసే పిల్లల శాతం పెరిగిందని తేల్చాయి! ఒక ఆలోచనను తలకెత్తుకుని మళ్లీ దించేయడానికి పట్టిన కాలం, అది పనిచేసిందో లేదో తేలడానికి పట్టిన కాలం కంటే తక్కువ అన్నమాట. మాతో పాటు చదివినవాళ్లలో చాలామంది గణాంకాల పేపరును తిట్టుకుంటూ గట్టెక్కారు. నాకైతే మొత్తం కోర్సులో పనికొచ్చిన రెండు పేపర్లలో అది ఒకటి.

రెండోది చరిత్ర. ఫౌండేషన్ల మీద అనుమానం ఇవాళ పుట్టింది కాదని చాలామందికి తెలియదు. ఐశ్వర్యంతో చావడం అప్రతిష్ఠ అని 1889లో రాసిన అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ రెండున్నర వేలకు పైగా గ్రంథాలయాలు కట్టించాడు. ఊరు స్థలమివ్వాలి, ఏటా నిర్వహణకు నిర్మాణ ఖర్చులో పదోవంతు పెట్టుకోవాలి అన్నది షరతు. మంచి షరతే. అదే కార్నెగీ ఉక్కు కర్మాగారంలో 1892లో హోమ్‌స్టెడ్ సమ్మె నెత్తురోడింది. ఆ తర్వాత అక్కడి కార్మికులకు మిగిలింది పన్నెండు గంటల పనిదినం, తగ్గిన జీతాలు. 1898లో అదే చోట ఆయన గ్రంథాలయమూ వెలిసింది. పన్నెండు గంటలు కొలిమి దగ్గర నిలబడినవాడు పుస్తకం ఎప్పుడు తెరవాలి? చమురు వ్యాపారి రాక్‌ఫెల్లర్ సంగతీ ఇంతే. తన ఫౌండేషన్‌కు అమెరికా కాంగ్రెస్ అనుమతిపత్రం కోసం ఏళ్లతరబడి ప్రయత్నించి, అక్కడ కుదరక 1913లో న్యూయార్క్ రాష్ట్రం నుంచి తెచ్చుకున్నాడు. మరుసటి ఏడాదే ఆయన కుటుంబం ఆధీనంలోని కొలరాడో గనుల దగ్గర, లడ్లోలో, సమ్మె చేస్తున్న కార్మికుల గుడారాల మీద దాడి జరిగి స్త్రీలు, పిల్లలు సహా పలువురు చనిపోయారు. వెంటనే ఆ ఫౌండేషన్ కార్మిక సంబంధాలపై పరిశోధనకు డబ్బిచ్చి, తర్వాత కెనడా ప్రధాని అయిన మెకెంజీ కింగ్‌ను ఆ పనికి నియమించింది. ఇది పరిశోధనా, పరువు నిలుపుకోవడమా అని ఫ్రాంక్ వాల్ష్ నాయకత్వంలోని అమెరికా ప్రభుత్వ కమిషన్ నిలదీసింది. నూరేళ్లు దాటినా ఆ ప్రశ్న పాతబడలేదు.

చరిత్ర తెలిస్తే ఏం ఒరుగుతుందంటే, కొత్తగా దొరికిందని మనం మురిసిపోయే ప్రతి పద్ధతికీ ముత్తాత ఒకడున్నాడని తెలుస్తుంది. ఉన్నదంతా గడువులోగా ఖర్చుచేసి ఫౌండేషన్‌ను మూసేయడం విప్లవమన్నట్టు మాట్లాడతారు. అమెరికా వ్యాపారి జూలియస్ రోజెన్‌వాల్డ్ తాను పోయిన పాతికేళ్లలో నిధి ఖర్చైపోవాలని ముందే షరతు పెట్టాడు. ఆయన 1932లో మరణిస్తే నిధి 1948లోనే మూతపడింది. ఆ లోపు అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లల కోసం దాదాపు 5,000 బడులు లేచాయి.

ఇక గ్రాంట్ల నిర్వహణ. దీన్ని కొందరు ఫారాలు నింపించే విద్య అనుకుంటారు. కొన్ని తరగతులు అలాగే ఉంటాయి కూడా. మాకు చేయించిన ఒక అభ్యాసం మాత్రం వేరు. ఒకే దరఖాస్తుల కట్టను వేర్వేరు బృందాలకిచ్చి, ఉన్న నిధిని పంచమన్నారు. ఏ రెండు బృందాల జాబితాలూ కలవలేదు. మేం కొలమానాలు ముందే రాసుకున్నాం, మార్కులు వేశాం, సగటు తీశాం. అయినా ప్రతి బృందంలోనూ ఎక్కువ ధీమాగా మాట్లాడినవాళ్ల ఎంపికే నెగ్గింది. అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలైంది. ఎంపికకాని సంస్థలకు ఒక్కొక్కరూ ఉత్తరం రాయాలి. "ఈసారి చాలా నాణ్యమైన దరఖాస్తులు వచ్చాయి" అనే వాక్యం దాదాపు అందరి ఉత్తరాల్లోనూ ఉంది. నేను అలాంటివి ఎన్నో అందుకున్నదాన్ని. నా ఉత్తరంలోనూ అదే వాక్యం ప్రత్యక్షమైంది. దాన్ని కొట్టేసి, కాదనడానికి నిజమైన కారణం రాయమన్నారు మా అధ్యాపకురాలు. గదిలో చాలామంది దగ్గర రాయదగిన కారణమే లేదు. "మా బృందంలో మీ గురించి గట్టిగా మాట్లాడినవాళ్లు లేరు" అని రాయలేరు కదా!

ఆ మధ్యాహ్నం ఒక్కటే నా పని పద్ధతిని మార్చింది. దానికి తోడు డబ్బు ఇచ్చే తీరు గురించిన పాఠం. నిర్వహణ ఖర్చులు ఎంత తక్కువైతే సంస్థ అంత మంచిదన్న నమ్మకం ఎక్కడ చూసినా పాతుకుపోయింది. ప్రాజెక్టుకు డబ్బిస్తాం, కార్యాలయం అద్దెకు ఇవ్వం, లెక్కలు రాసే మనిషికి ఇవ్వం, కానీ లెక్కలు మాత్రం పైసాతో సహా కావాలి అంటారు. దరఖాస్తులు రాసే రోజుల్లో నేను అద్దెను నాలుగు ప్రాజెక్టుల కింద ఎలా సర్దాలో నేర్చుకున్నాను. అది ఎవరూ నేర్పకుండానే అబ్బే కళ. అమెరికాలో స్వచ్ఛంద సంస్థలకు రేటింగులిచ్చే ప్రధాన సంస్థలే 2013లో ఒక బహిరంగ లేఖ రాసి, నిర్వహణ ఖర్చు శాతాన్ని బట్టి సంస్థలను అంచనా వేయవద్దని దాతలను కోరాయి. అమెజాన్ స్థాపకుడు జెఫ్ బెజోస్ మాజీ భార్య మెకెంజీ స్కాట్ 2020 నుంచి 1,700 కోట్ల డాలర్లకు పైగా పంచింది. అందులో అధిక భాగం షరతులు లేకుండానే ఇచ్చింది. అంత డబ్బు ఒక్కసారి మీదపడితే చిన్న సంస్థలు తట్టుకోలేవని జోస్యం చెప్పినవాళ్లున్నారు. తీసుకున్న సంస్థల అనుభవాలను వరుసగా గమనించినవాళ్లకు ఆ ఉత్పాతం పెద్దగా కనిపించలేదు. అయితే స్కాట్ ఏ సంస్థను ఎంచుకుందో, ఎందుకు ఎంచుకుందో బయటివాళ్లకు తెలిసే దారి చాలాకాలం లేకపోయింది. షరతులు లేకపోవడం వేరు, జవాబుదారీ లేకపోవడం వేరు. ఈ రెండింటినీ విడదీసి చూడటం చదువుకోకుండా నాకైతే పట్టుబడేది కాదు.

సామాజిక పెట్టుబడి దగ్గరకొచ్చేసరికి విద్యార్థుల కళ్లలో వెలుగు మారుతుంది. ఇక్కడ డబ్బు తిరిగొస్తుంది, కాబట్టి నేను చెప్పిన జబ్బుకు మందు ఇదేననిపిస్తుంది. పని జరిగితే రాబడి, జరగకపోతే నష్టం; నిలదీసేవాడు దొరికినట్టే. ఇంగ్లండులో పీటర్‌బరో జైలు బాండు దీనికి తొలి నమూనా. 2010లో 17 మంది పెట్టుబడిదారులు, విడుదలైన ఖైదీలను నేరాల నుంచి మళ్లించే పనికి 50 లక్షల పౌండ్లు పెట్టారు. చిన్న శిక్షలు పూర్తిచేసుకుని బయటికొచ్చినవాళ్లు మళ్లీ నేరం చేయడం 7.5 శాతం తగ్గితే ప్రభుత్వం అసలు, లాభం ఇవ్వాలి. 9 శాతం తగ్గింది. 2017లో అసలుతో పాటు ఏడాదికి సుమారు 3 శాతం రాబడి వచ్చింది. బాగుంది. న్యూయార్క్‌లో రైకర్స్ ద్వీపం జైలులో ఇదే తరహా పథకానికి గోల్డ్‌మన్ సాక్స్ 96 లక్షల డాలర్ల అప్పుకు ఒప్పుకుంటే, అందులో 72 లక్షలకు బ్లూమ్‌బర్గ్ దాతృత్వ సంస్థ పూచీ నిలిచింది. ఫలితం రాక 2015లో ఆపేశారు. దెబ్బ ఎక్కువగా తగిలింది బ్యాంకుకు కాదు, పూచీ నిలిచిన దాన నిధికి. మార్కెట్ క్రమశిక్షణ అంటూ మొదలైన కథలో చివరికి బిల్లు కట్టింది మళ్లీ దాతే.

అంతకంటే పెద్ద ప్రమాదం డబ్బు బాగా తిరిగొచ్చినప్పుడు ఉంటుంది. మెక్సికోలో కొంపార్తామోస్ విరాళాల మీద మొదలైన సూక్ష్మరుణ సంస్థ, అంటే పేదలకు చిన్న చిన్న అప్పులిచ్చేది. 2007లో షేర్లు అమ్మినప్పుడు పాత వాటాదారులకు 40 కోట్ల డాలర్లకు పైగా దక్కాయి. పేద ఆడవాళ్ల దగ్గర ఏడాదికి 80 శాతానికి మించి వడ్డీ వసూలు చేయడమే ఆ విలువకు మూలం. మన దగ్గర 2010 ఆగస్టులో ఎస్‌కెఎస్ అనే సూక్ష్మరుణ సంస్థ షేర్ల అమ్మకం విజయవంతమైంది. అక్టోబరుకల్లా బలవంతపు వసూళ్లు, ఆత్మహత్యల ఆరోపణల మధ్య ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలపై ఆర్డినెన్సు తెచ్చింది. ఈ రెండు సందర్భాల్లోనూ తిరిగి చెల్లింపులు సక్రమంగా ఉన్నాయన్న అంకెనే మేలు జరుగుతోందనడానికి రుజువుగా చూపారు. అప్పు తీర్చినవాడు ఏం అమ్మి తీర్చాడో ఆ అంకెలో కనిపించదు. నిలదీసేవాడు లేకపోవడం ఒక సమస్య. పెట్టుబడిదారు లాభాన్నే పేదవాడి గొంతుగా భావించడం నా దృష్టిలో అంతకంటే పెద్ద సమస్య.

పెట్టుబడుల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. అమెరికా చట్టం ప్రకారం ప్రైవేటు ఫౌండేషన్లు ఏటా తమ ఆస్తుల్లో సుమారు 5 శాతం పంచితే చాలు. మిగిలిన 95 శాతం ఎక్కడ ఉంటుంది? గేట్స్ ఫౌండేషన్ మూలనిధి ఆ సంస్థ ఆరోగ్య లక్ష్యాలకే హాని చేసే కంపెనీల్లోనూ ఉందని 2007లో లాస్ ఏంజిలిస్ టైమ్స్ రాసింది. 2017లో ఫోర్డ్ ఫౌండేషన్ పదేళ్లలో 100 కోట్ల డాలర్ల వరకు మూలనిధిని తన ఆశయాలకు అనుగుణంగా పెట్టుబడి పెడతానంది. 2022లో ఇంగ్లండు హైకోర్టు, ట్రస్టు ఆశయాలకు విరుద్ధమైన పెట్టుబడులను సహేతుకంగా ఆలోచించి వదులుకునే స్వేచ్ఛ ట్రస్టీలకు ఉందని తేల్చింది. గ్రాంట్ల అధికారుల్లో చాలామందికి తమ సంస్థ మూలనిధి ఎక్కడుందో తెలియదు. అడిగే అలవాటు కూడా లేదు.

ఇక ఈ కోర్సులకు డబ్బెవరిస్తారు? దాతలే. అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయంలో 2012లో దాతృత్వానికంటూ ప్రత్యేక కళాశాల పుట్టింది, మరుసటి ఏడాది దానికి లిల్లీ కుటుంబం పేరు పెట్టారు. ఔషధ కంపెనీ ఐశ్వర్యం అది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోని మార్షల్ ఇన్‌స్టిట్యూట్ 2015లో పెట్టుబడి సంస్థ అధిపతి పాల్ మార్షల్ ఇచ్చిన 3 కోట్ల పౌండ్లతో ఏర్పడింది. సరిగ్గా ఈ మూడు విషయాలనూ కలిపి పీజీలో బోధించిన లండన్ సిటీ విశ్వవిద్యాలయం బిజినెస్ స్కూలు కథ ఇంకా రసవత్తరం. 2002లో ఒక ఫౌండేషన్ విరాళమిచ్చాక దాని మూలపురుషుడు సర్ జాన్ కాస్ పేరు పెట్టుకుంది. కాస్‌కు బానిస వ్యాపారంతో సంబంధాలున్నాయని 2020లో ఆ పేరు తీసేసి, మరుసటి ఏడాది థామస్ బేయస్ పేరు పెట్టుకుంది. కొత్త సాక్ష్యం దొరికినప్పుడు పాత అంచనాను ఎంతమేరకు సవరించాలో సూత్రం కట్టినవాడాయన. పేరు మాత్రం చక్కగా కుదిరింది. దాత పేరున్న భవనంలో దాతలను విమర్శించగలరా అంటే, నేను చూసినంతలో విమర్శిస్తారు, అదీ పదునుగానే. కాకపోతే ఆ పదును చనిపోయిన దాతల మీద ఎక్కువ, బతికున్నవాళ్ల మీద తక్కువ.

ఇదంతా విని ఒక మిత్రురాలు, అలాగైతే నిర్ణయాన్నే ప్రజల చేతుల్లో పెట్టేస్తే పోదా, మీ పట్టాలెందుకు అంది. ఆస్ట్రియాలో మార్లీన్ ఎంగెల్‌హోర్న్ 2024లో అదే చేసింది. వారసత్వంగా వచ్చిన దానిలో 2.5 కోట్ల యూరోలను ఎలా పంచాలో చెప్పమని, యాదృచ్ఛికంగా 10,000 మందికి ఆహ్వానాలు పంపించి, చివరికి 50 మందిని కూర్చోబెట్టింది. తనకు వీటో లేదంది. వాళ్లు 77 సంస్థలకు పంచారు. నాకు ఆ ప్రయోగం మీద గౌరవముంది. కానీ ఆ 50 మంది ఏం చేశారో చూడండి. ఎన్నో వారాంతాలు కూర్చుని, నిపుణులు వచ్చి చెప్పిన పాఠాలు విని, సంపద పంపిణీ గురించి వాదించుకుని, ఆ తర్వాతే జాబితా రాశారు. నా దృష్టిలో ఇది చదువుకు వ్యతిరేక సాక్ష్యం కాదు. చదువుకోవలసినవాళ్ల జాబితా మారాలన్నదానికి సాక్ష్యం.

అందుకే ఈ కోర్సుల్లో నాకు కనిపించే లోటు పాఠ్యాంశాల్లో కంటే సీట్లలో ఎక్కువ. ఫౌండేషన్ల ఉద్యోగులు సంస్థ ఖర్చుతో వస్తారు. సంపన్నుల పిల్లలు సొంత ఖర్చుతో వస్తారు. బ్యాంకుల్లో విసిగిపోయి మంచిపని వెతుక్కుంటూ వచ్చేవాళ్లుంటారు. దరఖాస్తులు రాసే చిన్న సంస్థల వాళ్లకు ఆ ఫీజు భరించడం కలలో మాట. దాంతో ఇచ్చేవాళ్ల గురించిన పరిజ్ఞానమంతా ఇచ్చేవాళ్ల మధ్యనే తిరుగుతుంది. ఉపకార వేతనాలిచ్చే ఫౌండేషన్లకు నాదొక సలహా: మీ దగ్గర గ్రాంటు అందనివాళ్లను పంపించండి, తరగతిలో మీ తిరస్కార లేఖను వాళ్లు గట్టిగా చదువుతారు.

చేరాలనుకునేవాళ్లు నన్ను అడిగితే, ముందు పాఠ్యప్రణాళిక తెప్పించుకుని మూడు విషయాలు చూడమంటాను. ట్రస్టు చట్టం, పన్నులు ఒక ఉపన్యాసంతో సరిపెట్టారా, పూర్తి పేపరుగా ఉన్నాయా? గ్రాంటు తీసుకున్నవాళ్లు అతిథులుగా వచ్చి కృతజ్ఞతలు చెప్పి వెళ్తున్నారా, మార్కులు వేసే పనిలో కూడా ఉన్నారా? విఫలమైన ప్రాజెక్టుల ఫైళ్లు చదివిస్తున్నారా? ఉద్యోగం చేస్తూ చదివే పద్ధతి ఉంటే అదే మేలు, ఎందుకంటే ఉదయం చదివింది మధ్యాహ్నం ఒక దరఖాస్తు మీద పరీక్షించుకోవచ్చు. పాఠ్యప్రణాళికలో సగానికి మించి పెట్టుబడి సాధనాలు, రాబడి లెక్కలే ఉంటే అది ఫైనాన్సు కోర్సు. అది కావాలనుకుంటే ఫైనాన్సు విభాగంలోనే చేరండి, అక్కడ ఇంకా బాగా చెబుతారు.